మైకుసెట్టు ఫకీరప్ప మాట

ఎర్రగుంట్ల కాలేజీ వార్షికోత్సవానికి
రెండువేల ఐదొందలకు బాడుగ ఒప్పుకున్న్యా.
నాలుగు బాక్సులు, రెండు మైకులు, ఒక పాత మిక్సరు,
చినుకు పడితే కప్పను పట్ట.
పాటలు నాకు తెలీవు.
పాటంటే నాకు సూది.
ఎరుపు గీత దాటకుండా కాపలా కాసుకునే సూది.

పొద్దున్నించి స్టాఫు రూములో గలాటా
ర్యాప్ పెట్టాల్నా వద్దా అని.
"అది పాటేందప్పా, తిట్లకు తాళం" అని తెలుగు సారు.
"నల్లవాళ్ల వీధిలో పుట్టింది సార్, నొప్పిలో పుట్టింది"
ఇంగ్లీషు మేడం.
"వాళ్ల నొప్పితో మనకేం పని?"
"నొప్పికి పాస్‌పోర్టు కావాల్నా సార్?"
వైరు పరుస్తా విన్న్యా.
సముద్రం అవతలి వీధి గురించి
గంటసేపు కొట్లాడినారు.
రైలుగేటు అవతలి వీధి ఊసు
ఎవురూ ఎత్తలా.

మొదట కరస్పాండెంటు అన్నకొడుకు.
జారే ప్యాంటు, అరువు యాస,
మెళ్లో గొలుసు మాత్రం అసలుదే, ప్రొద్దుటూరు బంగారం.
ఆ నల్లోళ్లు తమలో తాము అనుకునే మాట,
బయటోడు నోట పెట్టగూడదంట, ఆ మాట
మూడుసార్లు అన్న్యాడు.
మేడం తల దించుకునింది.
మిగతా అందరూ ఈలలు.
సూది ఎరుపు దాటింది.
ఎవురూ తగ్గించమన్లా.

తర్వాత ఏసోబు.
రాత్రిళ్లు పాలిషు ఫ్యాక్టరీలో పని,
కనురెప్పల మీద ఇంకా నాపరాయి దుమ్ము.
"మ్యూజిక్ వద్దన్నా, ఉత్త మైకియ్యి" అన్న్యాడు.

*కోసింది నేను, మోసింది నేను,
నీ నట్టింట్ల నా రాయి నిగనిగ,
నా కాలికి మాత్రం నీ గడప సెగసెగ...*

అట్లా పోతా పోతా
తన కులం పేరు చెప్పినాడు.
తిట్టు మాదిరి కాదు,
హాజరు పిలిస్తే పలికిన మాదిరి.

వీపు మీద ప్రిన్సిపాలు వేలు.
"కట్ చెయ్."

బొటనవేలు నాదే.
కిందికి జరిపిందీ నేనే.

పిల్లోడు మైకును రెండుసార్లు తట్టి చూసినాడు.
నా తట్టు చూసినాడు.
స్టేజి మెట్టు మీద కూచున్యాడు, అదీ నాపరాయే,
అరిచేత్తో మొదలుపెట్టినాడు.

ఆ దెబ్బ నాకు తెలుసు.
వాళ్ల తాత గంగులప్ప తప్పెట దెబ్బ.
పీర్ల గుండం చుట్టూ ఆ దెబ్బకే
మా నాయన నిప్పుల మీద ఎగిరింది.
మేము దూదేకులోళ్లం, ఆయన ఫలానా,
తప్పెట ఎవురి తోలు, పాట ఎవురి సొత్తు,
ఆ రాత్రి ఎవురూ అడగలా.
తెల్లారినాంక ఆయనకు గ్లాసు వేరే. అదీ నిజమే,
ఆ గ్లాసు కడిగి చూరులో పెట్టింది మా అమ్మే.

వెనక బెంచీల దాకా వినపడిందో లేదో తెలీదు.
నా సూది పడుకోనే ఉండాది,
నా చెవుల్లో మాత్రం ఎరుపు.

బాడుగ అణాపైసలతో ఇచ్చినారు.
వైరు చుట్టుకుంటా ఏసోబు నంబరు అడిగినా.
"ఎందుకన్నా?" అన్న్యారు పిల్లోళ్లు.

చుట్ట చుట్టిన వైరు
మళ్లా విప్పినా, మళ్లా చుట్టినా.