ఇంకా మొదలు కాలేదు

ఆకివీడులో చెరువుల ప్లాన్లు గీసే ఆఫీసు.
ఐదు కంప్యూటర్లు, మూడు లైసెన్సులు,
శివారు చేలకు వంతులేసిన నీళ్లలా.

"పొద్దుట్నించీ ఎవరికీ తెరుచుకోవట్లేదండీ"
అంది ఎస్తేరు.
నిన్న ప్రింటు తీసిన రొయ్యల చెరువు బల్ల మీదుంది,
గట్లు మూడు పక్కలే.

కేబుళ్లు కదిపాను. స్విచ్చు దీపాలు పచ్చగానే ఉన్నాయి.
పింగ్ కొడితే పలికింది.
ఫైర్‌వాల్ దించి, మళ్లీ ఎత్తాను.
సర్వరుది ఒకటే మాట:
ఈ లైసెన్సు ఇంకా మొదలు కాలేదు.

గడువు తీరిందంటే సరే.
మొదలు కాకపోవడమేమిటి?

రాత్రి కరెంటు పోయింది. లోపలి బిళ్ల బ్యాటరీ
ఎప్పుడు చచ్చిందో,
సర్వరు పదమూడేళ్లు వెనక్కి జారి కూర్చుంది.
దాని తారీఖులో
ఎస్తేరు ఆరో క్లాసు.
వీళ్లు గీసిన చెరువులన్నీ
ఇంకా వరిచేలే,
ఉప్పు తగలని బోరునీళ్లు.

బస్టాండు ఎదుట వాచీల షాపులో
బ్యాటరీ నలభై రూపాయలు.
వేశాను. ఏడాది దగ్గర
వేలు కాసేపు ఆగింది.
ఎందుకన్నది బిల్లులో రాసేది కాదు.

నొక్కాను.
మూడు తెరలు తెరుచుకున్నాయి.
ఎస్తేరు నాలుగో గట్టు గీసేసింది.
వెనక కుర్చీలోంచి ఎవరో:
"నువ్వు మూస్తే నేను తెరుస్తా."