పంతొమ్మిది

బెథెస్డా ఊళ్లో గురువారం సాయంత్రాలు
గ్రంథాలయానికి వాన ఒక్కటే క్రమం తప్పకుండా వస్తుంది.
ఆటకి వచ్చేది ముగ్గురు, నాతో నలుగురం.
ఒక అట్ట, నూరు చెక్కబిళ్లలు,
మెడకి తాడు బిగించిన ఆకుపచ్చ సంచీ.

నేను లెక్క రాస్తాను. ఆడను.
ఎవరి చేతిలో ఏ అక్షరం ఏడుస్తోందో
ఆడనివాడికే తెలుస్తుంది.

పన్నెండేళ్ల మాక్సెన్‌కి చిన్నమాటలన్నీ కంఠతా.
రెండక్షరాలవి అయిపోయాయి,
మూడక్షరాలవి పళ్లు మొలిచినట్టు
వారానికి కొన్ని వస్తున్నాయి.
"జో?" అంటే "పదకొండు" అంటాడు.
సగం ఆవు, సగం జడలబర్రె అయిన ఒక పశువు
మంచుకొండ మీద నెమరేస్తోందని వాడికి అక్కర్లేదు.
ఎక్స్ పక్కన యూ పెడితే తొమ్మిది.
వియత్నాంలో ఎవరి జేబులోనో అరిగిపోయిన చిల్లర అది.
"అర్థానికి పాయింట్లు లేవు కదా?" అంటాడు.
నిజమే. నా కాగితంలో ఆ గడి లేదు.

వాడి పేరులోనే ఎక్స్ మోగుతుంది, రాతలో ఉండదు.
వెల్ష్‌లో ఎక్స్ లేదు, జెడ్ లేదు.
నేను రాస్తున్న ఈ లిపిలోనూ అంతే,
క కింద స వేలాడదీసి సరిపెట్టుకుంటాం.
జెడ్ సంగతి చెప్పక్కర్లేదు.
జల్లెడలో జకీ జీలకర్రలో జకీ మధ్య
ఎక్కడో దారి తప్పి నిలబడి ఉంటుంది.

పోయిన నెల బిరూటె చేతికి జెడ్, ఈ, కే మూడూ వచ్చాయి.
పెట్టలేదు.
జెడ్‌ని ఆట చివరిదాకా మోసి
పది పాయింట్లు పోగొట్టుకుంది.
"జెక్! పదహారు!" నెత్తి కొట్టుకున్నాడు మాక్సెన్.
ఆమె కప్పులో చక్కెర కలుపుతూనే ఉంది.
"సైబీరియాలో మా తాతని పేరుతో పిలవలేదు,
ఆ మాటతోనే పిలిచారు."
చక్కెర ఎప్పుడో కరిగిపోయింది.

ఇక నిన్న.
సంచీలో జెడ్ ఒక్కటే, ఎక్స్ ఒక్కటే.
రెండూ మాక్సెన్ చేతికే వచ్చాయి.
మూడు బిళ్లలు చప్పుడయ్యేలా పెట్టాడు.
"జాక్స్. పంతొమ్మిది!"

ఎదురుగా ఇద్వల్ పారీ.
మనం ఓనమాలు దిద్దే పలకని
ఈ ఊళ్లో ఇళ్ల నెత్తిన కప్పుకుంటారు.
నలభై ఒక్క ఏళ్లు అలా కప్పినవాడు,
మోకాళ్లు పోయాక ఈ ఆటకి దిగాడు.
"అలాంటి మాట లేదు," అన్నాడు. "సవాల్."

నిఘంటువు నేనే తెరిచాను.
చెమ్మకి ఉబ్బిన చివరి పేజీల్లో ఉంది:
పలకరాయిని కోసి, మేకుకి బెజ్జం పెట్టే కత్తి.

ఇద్వల్ కళ్లజోడు తీశాడు.
"డెంజిల్," అన్నాడు, పక్కగదిలోకి పిలిచినట్టు.

"కార్న్‌వాల్ వాడు. పదహారేళ్లు నా పక్కనే, కప్పు మీద.
'ఆ జాక్స్ ఇలా అందుకో' అనేవాడు.
మాకు అది మా భాషలో కత్తి, అంతే.
వాడికి నోరు తిరగదనుకున్నాం.
నత్తి డెంజిల్ అని పేరు పెట్టాం.
వాడి పెళ్లిలోనూ అలాగే పిలిచాం.
నవ్వేవాడు. ఒక్కసారీ దిద్దలేదు.
పోయి తొమ్మిదేళ్లు.
వాడు మాట తప్పలేదు. మేమే..."
మిగతాది టీతో కలిపి మింగేశాడు.

సవాలు చేసి ఓడితే ఐదు పాయింట్లు కోత.
నేను పెన్ను పట్టుకుని ఊరికే కూర్చున్నాను.
"రాయి," అన్నాడు ఇద్వల్.
రాశాను. ఐదే.

మాక్సెన్ తన మూడు బిళ్లల్నీ వేలితో తడిమాడు.
"ఎంత బరువుంటుంది అది?"
ఇద్వల్ ఖాళీ కుడిచెయ్యి ఎత్తాడు.
మణికట్టు తనంతట తానే ఓసారి కిందికి దిగింది.
రాయి తెగిన చప్పుడు మేమంతా విన్నాం,
విన్నామనే అనుకుంటాను.

దీపాలు ఆర్పే వేళకి వాన పెరిగింది.
ఈ కప్పు కూడా వాళ్లిద్దరి పనేనట.
పిల్లల పుస్తకాల పక్కన
నేను రోజూ బకెట్ పెట్టే మూల చూపించి
"అది డెంజిల్ కప్పిందా?" అన్నాడు మాక్సెన్.
"కాదు," టోపీ పెట్టుకుంటూ అన్నాడు ఇద్వల్.
"కారే మూల నాది."