చుట్ట

కోరింగ మడలో, ఆటు తీసిన బురద మీద
తిల్ల చెట్టు.
పాలు కంట్లో పడితే చూపు పోతుందని
కట్టెలవాళ్ళు కూడా ముట్టరు.
దాని ఆకును నిలువునా చుట్టి
ఏడు చోట్ల పట్టుకుట్టు వేసుకుని
లోపల ఎవరిదో కాపురం.

నా రిజిస్టరులో పేరు గడి ఖాళీ.
మూడేళ్ళలో నూటపదకొండు చుట్టలు లెక్కపెట్టాను,
ఒక్క రెక్కా చూడలేదు.

పడవ నడిపే ఓలేటి మాచరమ్మ
ఒకప్పుడు లంకపొగాకు చుట్టలు చుట్టి బతికిన మనిషి.
ఆకుని రెండు వేళ్ళ మధ్య దొర్లించింది.
"బిగువు బాగుందండి.
మొదట్లో కాస్త వదులొదిలింది, గాలాడొద్దా మరి?
కొత్త చెయ్యి కాదండి ఇది."
అంతకు మించి ఏ పుస్తకమూ నాకు చెప్పలేదు.

ఒకటి తెంపి హార్లిక్స్ సీసాలో పెట్టి
మూతికి పాత పంచెగుడ్డ కట్టాం.

తొమ్మిదో రోజు తెల్లారగట్ల, పడవలోనే, గుడ్డ విప్పాను.
ఆకు అంచున గోరంత బూడిద.
నేను కళ్ళద్దాలు తుడుచుకునే లోపు
మాచరమ్మ నోట్లో చుట్ట ఓ పక్కకి జరిపి
అలవాటు కొద్దీ
ఉఫ్ మని ఊదేసింది.

బూడిద నీళ్ళ మీద పడలేదు.
తిల్లకొమ్మల వైపు పోయింది.

రంగు: చుట్ట నుసి.
చూసినవారు: ఓలేటి మాచరమ్మ.
నేను సగం.