సంతకం కలువలే

బ్యాంకుల పిల్లగాడు చీటీ వాపసిచ్చిండు.
ఓదెలు సంతకం ఓదెలు తీర్గ లేదట.
సిరొంచ బజార్ల కొత్త పెన్ను కొన్నడు ఈయన,
తప్పు పాత పెన్నుదని.

నాకు సదువు రాదు డాక్టరమ్మా.
(వైశాలీ, గిది గిట్లనే చెప్పవే మరాఠీల.)
సదువొచ్చినోళ్లు కాయితంల లెక్క సూస్తరు,
కట్టలెన్ని, పైసలెన్ని.
నేను గీత సూస్త.

తొమ్మిదెండకాలాల కల్లం బుక్కులు
చంద్రపూర్ దాక ఒళ్లె పెట్టుకొని తెచ్చిన.
సంచి ఇప్పితే తునికాకు వాసన.
కల్లేదారుకే అది రాదు.
మూడేండ్లాయె, ఇప్పపువ్వు గూడ వాసనొస్తలేదన్నడు.
పడిశమనుకొని మిరియాల కషాయం పోసిన.

ఈ పాతదాంట్ల సూడు,
వరుస మొదలెంతనో చివరంత.
గీండ్ల, మంచిగనే బయలెల్లి
అంచుకాడికి పొయ్యేసరికి నువ్వుగింజలు.
పోయినేడుదాంట్ల చీమలు,
అవి గూడ దిగువకు జారుతున్నయి.

చెయ్యి వణుకుతదా అని అడిగినవు.
వణకదు. వణికితే ఎప్పుడో వద్దుము.
ఊగదు.
ప్రాణహిత ఇసుకల నా ముందు నడుస్తుంటే
ఎడమచెయ్యి ఊగుతది,
కుడిది పక్కకతుక్కొని వస్తది
అలిగిన సుట్టం లెక్క.
భుజం పట్టిందని మంచిర్యాలల రెండు సూదులేయించినం.

నిద్రల కొట్లాడుతడు.
ఎలుగ్గొడ్డొచ్చిందని నన్ను తన్నిండొకనాడు.
తెల్లారి ఆయనకు యాదిలేదు, ఇద్దరం నవ్వినం.
నవ్వినం. అది గూడ రాసుకో.

ఇప్పుడు మొకంల నవ్వు కానరాదు.
కోపమా అంటే కాదంటడు.
"లోపలున్నదే, తలుపు ఇరుకవట్టింది" అన్నడు మొన్న.

ఎప్పట్నుంచని అడిగితివి గద,
ఏలు పెట్టి సూపిస్త.
ఇగో, ఈ పేజీ.
ఎవ్వలి పేరో వైశాలి సదువుతది,
నాకైతే ఈ గుండ్రటిది ముడుచుకున్నట్టున్నది
సలికి పండుకున్న పిల్లలెక్క.
నేనీ బుక్కు మీదనే చాయ్ గిలాస పెట్టిన,
మరక సూడు, పక్కనే ఉన్నది.

ఏంది, తెల్లకాయితం ఇచ్చినవు?
పేరు రాయమన్నవా?

రాయి. తొందరేం లేదు.
జాగ శాన ఉన్నది, పెద్దగ రాయి.

ఓ.
నాకు తెలిసిన ఒక్క అచ్చరం.
పెద్దగనే పడ్డది.