గాలి పడిపోయిన రాత్రి

సాయంత్రం ఆరు.
పుంతా అరేనస్‌లో ఇంకా ఎండే.
డిసెంబరులో ఇక్కడ పొద్దు పది దాటినా గుంకదు.
మా పిల్లా అంతే.

ఆరు కొట్టగానే మొదలు.
మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుంటుంది,
పిడికిళ్ళు బిగిస్తుంది,
ముఖం ఉడికించిన పీతలా ఎర్రబారి
గుక్క పడుతుంది.
ఆ గుక్కకీ మరో గుక్కకీ నడుమ
ఇల్లంతా ఊపిరి బిగబట్టి నిలబడుతుంది,
నేనూ, యాస్నా, పొయ్యి మీద కెటిలూ.

మా అత్తగారు దానీకా వచ్చి
మణికట్టుకి ఎర్ర దారం కట్టింది, దిష్టి అని.
యాస్నా కంచంలోంచి క్యాబేజీ తీసేసింది,
ఉల్లి తీసేసింది, జున్ను తీసేసింది,
చివరికి రొట్టె ముక్కొక్కటే మిగిలింది.
చామంతి నీళ్ళు రెండు చుక్కలు పోద్దామంటే
ఆసుపత్రి నర్సు వద్దే వద్దంది:
"చనుబాలు తప్ప ఏమీ పట్టొద్దు.
జ్వరం లేదు, బరువు పెరుగుతోంది,
మూడు నెలలకి అదే పోతుంది."
మూడు నెలలు!
ఆవిడ క్యాలెండరు చూసి చెప్పింది.
నేను గోడ గడియారం చూస్తూ విన్నాను.

నాది ఉన్ని వేరుచేసే పని.
కత్తిరించిన బొచ్చు బల్ల మీద పరిస్తే
సన్నదేదో ముతకదేదో కళ్ళు మూసుకుని చెబుతాను.
గొర్రె కొవ్వు పట్టి పట్టి
ఇంత మోటు చేతులూ వెన్నలా ఉంటాయి.
చెయ్యి కలిపినవాడల్లా నవ్వేవాడు,
జేబుల్లో దాచుకు తిరిగేవాణ్ణి.
ఇప్పుడు వాటిని పొయ్యి దగ్గర కాచుకుని
బొడ్డు చుట్టూ, గడియారం తిరిగే వైపు,
మెల్లగా,
మెల్లగా.
రోసాల్బా కడుపు చిన్న డప్పు.
లోపల ఎక్కడో గాలి దారి తప్పి తిరుగుతోంది.

బయటి గాలి సంగతి వేరు.
ఈ ఊళ్ళో అది మనుషుల్ని పడదోస్తుంది,
పట్టుకు నడవడానికి వీధి మూలల్లో తాళ్ళు కడతారు.
మా రేకుల కప్పు రాత్రంతా గోల పెడుతుంది.
తొమ్మిదింటికి పిల్ల సద్దుమణిగితే
ఎర్ర దారం పనిచేసిందనుకునేవాళ్ళం.
ఆ గోలే దాని జోల అని
మాకెలా తెలుస్తుంది?

తెలిసింది మొన్న,
గాలి పడిపోయిన రోజున.

ఊరంతా కుర్చీలు బయట వేసుకుంది.
ఎదురింటివాళ్ళు మాంసం కాల్చారు.
పొగ తిన్నగా పైకి లేచింది,
అంత తిన్నని పొగని ఏడాదిగా చూడలేదు నేను.
జలసంధి మీద నూనె పోసినట్టుంది.
మా ఏడుపుకి మాత్రం అడ్డేదీ లేకపోయింది.
తొమ్మిదింటికి మొదటి కిటికీ మూసుకుంది.
పదిన్నరకి రెండోది.

పదకొండింటికి
యాస్నా వంటింటి నేల మీద గోడకి ఆనుకుని ఉంది.
ఏడవడం లేదు.
అదే నన్ను భయపెట్టింది.
నా చేతులూ గట్టిపడుతున్నాయి, నాకు తెలుస్తోంది.
నర్సు ఇంకో మాట కూడా చెప్పింది:
వెల్లకిలా పడుకోబెట్టు, తలుపెయ్యి,
ఐదు నిమిషాలు బయటికి పో, తప్పు కాదు.
పోయాను.
పెరట్లో కంచె కర్ర పట్టుకున్నాను,
తోసే గాలి లేకపోయినా పట్టుకున్నాను.
ఐదు కాదు, నాలుగు.

లోపలికొచ్చి
ముంజేతి మీద బోర్లా వేసుకున్నాను,
చెంప మోచేతి దగ్గర, కాళ్ళు చెరో వైపు,
గోడెక్కిన పిల్లిలా.
ఏ జోలా నోటికి రాలేదు.
పెదాలు సున్నా చుట్టి ఊదాను,
రేకు సందులోంచి దూరే గాలిలా.
మేకు వదులైన రేకు టపటప కొట్టుకోవడం
నాలుకతో చేశాను.
యాస్నా తలెత్తింది.
"పడమటి గాలి అలా ఉండదు," అంది.
"కింద నుంచి మొదలవుతుంది."
తనూ ఊదింది.

ఎంతసేపో. పెదాలు పగిలాయి.
ఒంటిగంటకో ఎప్పుడో
అరచేతి కింద కడుపు గుడగుడమని
ఇంత పిల్లలోంచి అంత చప్పుడు!
లోపలి గాలికి దారి దొరికింది.
యాస్నా నోరు నొక్కుకుని నవ్వింది.
ఎదురింటికీ వినబడే ఉంటుంది.

తెల్లారేసరికి గాలి మళ్ళీ వచ్చింది,
మా చెత్తడబ్బాని వీధి చివరికి దొర్లించుకుపోయింది.
సాయంత్రం ఆరు.
కప్పు చక్కగా గోల పెడుతోంది.
అయినా రోసాల్బా మోకాళ్ళు ముడుచుకుంది.

చేతులు కాచుకుంటున్నాను.