దొంగ బొటనవేలు

మాల్ అంగట్ల
ఉల్లిగడ్డల కుప్పలకు, చాటలమ్మే అవ్వకు నడుమ
గౌస్ పాషా పరిచిన గొంగడి మీద
ముప్పై రూపాయలకు మూడు మాయలు:
ఒక రబ్బరుబ్యాండు, ఒక ఎర్ర రుమాలు,
ఒక ప్లాస్టిక్ బొటనవేలు.
"రూపాయి బిళ్ళ నువ్వే తెచ్చుకో, దాని మాయ ఉత్తగనే చెప్త.
ఏ మాయకైనా చూపును పక్కకు మళ్ళియ్యాలె అమ్మా,
అసలు ఇద్దె గదే" అన్నడు
చిల్లర లెక్కపెట్టుకుంట.

ఇంటికొచ్చి తొడుక్కుంటే
ఆ ఏలు ఏ దొరసానిదో, గులాబి రంగుల ఉంది.
నాదేమో ఎండల కాగి కాగి కట్టెపేడయిన ఏలు.
చాయపత్త మరగబెట్టి ఓ రాత్రంత నానేసిన.
తెల్లారి చూస్తే జెర మనిషి రంగుకొచ్చింది గని
సుట్టమోలెనే ఉంది, సొంతం కాలే.

నేను అంగన్‌వాడీల ఆయాను.
పందొమ్మిది మంది పోరగాండ్లు, పందొమ్మిది గుడ్లు,
పచ్చసొన ఉమ్మేసే నోళ్ళు పదకొండు.
"సొన మాయం చేస్తే రుమాలు మాయం చేస్త"
అని బేరం పెట్టిన తొలినాడు
సొన పోయింది, నిజమే.
నా రుమాలు కొస మాత్రం బొటనేలు పక్కపొంటి
కోడిజుట్టు లెక్క నిక్కి చూసింది.
పోరగాండ్ల నవ్వుకు
రిజిస్టరు రాసే సుకన్య టీచరు పెన్ను ఆగింది.

రబ్బరుబ్యాండు ఇంకా మొండిది.
పిడికిలి ఇప్పంగనే
ఈ రెండు వేళ్ళ మీదికెల్లి ఆ రెండిటి మీదికి దుంకాలె.
ఇప్పుడే గద నా తిప్పలు.
ఊరి బోరింగు నీళ్ళు తాగి తాగి
ఎడమచేతి వేళ్ళు సగం ముడుసుకొని
ఎవలికో ఏదో ఇద్దామనుకొని మరిచిపోయినట్టు
గట్లనే ఉండిపోయినయి.
ఆ బ్యాండు జడకేసుకున్న.

ఇగ మిగిలింది రూపాయి బిళ్ళ.
కుడిచేతుల పట్టుకున్నట్టే ఉండాలె,
ఎడమచేతులకు జారిపోవాలె.
అద్దం ముందట వారం దినాలు.
జారుడు దొరికింది గని, దాసుడు నమ్మకం లేదు.

ఓనాడు మర్రిగూడ బస్సుల
పక్కసీటు ఆమె టికెట్టు అందుకుంట
నా ఎడమచెయ్యి చూసింది,
చూసి, చూడనట్టే కిటికీ దిక్కు తిరిగింది.
పాపం, మంచి మనిషే.
అందరు మంచోళ్ళే, అందరు గట్లనే తిరుగుతరు.
గౌస్ మాట బస్సు కుదుపుల మల్ల ఇనవడ్డది.
నేను మళ్ళియ్యాల్సిన పనే లేదు.
నలభై ఏండ్ల సంది ఈ చెయ్యే
ఊరందరి చూపు మళ్ళిస్తుంది,
నాకొక్క మాటన్న చెప్పకుండ.

సూపర్‌వైజరు మేడం తనిఖీకొచ్చిన దినం చేసిన.
కుడి పిడికిలి మీద ఉఫ్ అని ఊది ఇప్పిన.
రూపాయి లేదు.
మేడం నా కుడి రెక్క దులిపింది, కొంగు ఎతికింది,
పిల్లల బరువు తూచే కాటా కింద చూసింది,
గుడ్ల ట్రే గూడ లేపి చూసింది.
ఎడమ దిక్కు రాలే.
"అరె, ఎక్కడ నేర్చినవమ్మా!"
నవ్విన. నవ్వు సగమే వచ్చింది.

ఒక్కతి చూసింది.
హన్విక. నాలుగేండ్లది,
ఊరికి కృష్ణనీళ్ళు వచ్చినంక పుట్టింది,
పండ్లు పాలగింజల్లెక్కుంటయి.
మర్యాద ఇంకా నేర్వలే,
నా ముడుసుకున్న వేళ్ళ దిక్కే గుడ్లప్పగించి చూస్తుంది.
దొరికిపోయిననే అనుకున్న.
పిల్ల నోరు మెదపలే.

మేడం జీపు ధూళి అణిగినంక
దగ్గరికొచ్చి నా చెయ్యి ఒళ్ళె పెట్టుకుంది.
వేళ్ళ సందుల చిటికెనేలు దూర్చి
బిళ్ళను ముట్టి చూసింది.
"సల్లగుంది" అన్నది.
తీసుకుంటదేమో అనుకున్న.
ఇంకా లోపలికి నూకి,
పైకెల్లి ఎర్రరుమాలు కప్పి,
"ఇగ కనవడదు" అన్నది.