పుర్రచేతి ముడి

జె.సి. రోడ్డులో షట్టర్లు సగం దిగినాక
వచ్చింది బండి,
నేలకు నాలుగు వేళ్ల ఎత్తున.
పసుపు రంగు, ఇద్దరికే చోటు.
కడుపు కింద మాత్రం
కటికోడు మరిచిపోయిన పేగులా
వేలాడుతా వైరింగు.

దిగిన పిల్ల పేరు దేచమ్మ, కొడగు నుంచి.
మినర్వా సర్కిల్ కాడ హంపు గీరుకుందంట.
అప్పట్నుంచి బ్రేకు తొక్కితే
వెనక ఎడమ లైటు కన్ను కొడుతోందంట.
ఆమె కన్నడంలో చెప్పింది, నేను తెలుగులో ఊకొట్టినా.
ఈ వీధిలో ఎవరి మాట వాళ్లు మాట్లాడి
స్పానరు దగ్గర కలుసుకుంటాం.

జాకీ దూరలేదు.
చక్రాల కింద చెక్కపలకలు పెట్టి,
మెల్లగా, ఇంకా మెల్లగా ఎక్కించి,
అప్పుడు జాకీ, దాని పక్కన రెండు దిమ్మెలు:
నమ్మకానికొకటి, భయానికొకటి.
అట్టపెట్టె పరిచి వీపు మీద జారినా లోపలికి.
సాయంత్రపు వాన ఇంకా కారుతోంది
చుక్కా చుక్కా, సరిగ్గా చెవిలోకి.
టార్చి నేను పడతానని గొంతుక్కూర్చుంది ఆమె,
మొదటి వెలుగు నా మొకం మీదే కొట్టింది.

ఎరుపు, నలుపు, పచ్చ, నీలం మీద తెల్లగీత.
మా జేజినాయన దూదేకిన మనిషి.
విల్లు భుజానేసుకొని ఊరూరూ తిరిగి
పరుపుల్లో గడ్డల్ని మబ్బులు చేసేటోడు.
నా వంతుకు రాగిపోగు వచ్చింది.
దీన్ని ఏకేది లేదు, అతికేదే.

సైలెన్సరు గొట్టానికి బెత్తెడు దూరంలో
ప్లాస్టిక్ టై బిగించినాడు ఎవడో.
కాగి, కరిగి, ఒక నల్లటి బొట్టు మిగిలింది.
"ఎవడమ్మా ఈ పని చేసినోడు?"
కింద నుంచే అందుకున్నా.
"పొయ్యి మీద లక్కపిడత పెట్టే రకం!
తొడుగు ఏదీ? బట్ట టేపు ఏదీ?
కూలి తీసుకునేటప్పుడన్నా
చెయ్యి వణకలేదా వానికి?"
ఆమె నవ్వింది. టార్చి ఊగింది.
ఊగిన వెలుగులో
పచ్చ వైరు అతుకు కనపడింది.

లోకమంతా కుడికి మెలిపెడుతుంది.
ఇది ఎడమకు తిరిగింది.
మూడు చుట్లు, కొస మళ్లీ లోపలికి.

చెవిలో చుక్క పడింది. తుడుచుకోలేదు.

పన్నెండేండ్ల కింద,
ఇక్కడికి నాలుగు షట్టర్ల అవతల,
తంగవేలు మేస్త్రీ షెడ్డులో
రెండో ఆటకు టైమైపోతోందని
గబగబా ఒక తెల్లబండి కిందికి దూరిన పిల్లోడు.
సినిమా పేరు కూడా గుర్తు లేదు వానికి.
ఆ తెలుపును గోకితే ఈ పసుపు.
బండి నన్ను వెదుక్కుంటా వచ్చిందని అనను.
హంపుకు అంత తెలివి లేదు.

"ఏమన్నా, తిట్లు ఆగిపోయినాయి?"
"ఏం లేదమ్మా. వెలుగు కొంచెం ఇటు."

గీరుకుపోయిన మూరెడు కోసి పారేసినా.
కొత్త పోగు కలిపి, సోల్డరు కరిగించి,
పొగ ఆమె వైపు పోకుండా ఊదుకున్నా.
బట్ట టేపు సగం మీద సగం, సగం మీద సగం.
వేడికి దూరంగా, చాసిస్ అంచు పట్టించి
దారి మళ్లించినా.
రబ్బరేసిన ఇనుప క్లాంపులు నాలుగు చాలు.
ఆరు వేసినా.
పట్టుకొని గుంజినా. ఇంకోసారి గుంజినా.

బయటికొచ్చి బ్రేకు తొక్కమన్నా.
తడి రోడ్డు మీద ఎరుపు
రెండు పక్కలా సమంగా పడింది.

"ఎంతన్నా?"
"సామాన్లకు మూడు వందలా నలభై."
"కూలి?"
బిల్లు పుస్తకం వెదుకుతున్నట్టు పక్కకు తిరిగినా.
"పోనీ, ఆ దొంగపని ఎవరిదో తెలిసిందా?"
"ఎవరో పుర్రచేతోడు" అన్నా,
పుస్తకం తొడ మీద పెట్టుకొని అంకెలేస్తా.
ఆమె నా పెన్ను వైపు చూసింది,
పెన్ను పట్టిన చెయ్యి వైపు చూసింది.
ఏమీ అనలేదు.

వీధి చివర హంపు కాడ
బండిని ఏటవాలుగా తిప్పి
ఒక చక్రం, ఆగి ఇంకో చక్రం,
నిండు చూలాలిని మెట్లు దించినట్టు దాటించింది.
రెండు లైట్లూ వెలిగినాయి.
నేను ఎడమదాన్నే చూస్తా నిలబడినా.